ఆదివారం పాటల గురించి, క్వయర్ వాళ్లందరికీ

అందరికీ వందనాలు. పోయిన వారం పాడిన మూడు పాటలూ ఇంటికెళ్లి మళ్లీ చదివాను. ట్యూన్లు బాగున్నాయి, కీబోర్డ్ తమ్ముడు అదరగొట్టాడు కూడా. కానీ ఒక్కదాంట్లోనూ సిలువ మాట లేదు. అన్నీ దీవెనలే! బైబిల్లో 1 కొరింథీ 15:3-4లో పౌలు సువార్తను ఎంత సూటిగా చెప్పాడో చూడండి: క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజున లేచాడు. మన పాటల్లో అది వినబడాలి కదా. మా అమ్మమ్మకు చదువు రాదు. 19వ శతాబ్దపు తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాడుకుంటూనే ఆవిడ సువార్త నేర్చుకుంది. కొత్త పాటలు వద్దనడం లేదు, నాకూ ఇష్టమే. శుక్రవారంలోపు తలా ఒక పాట చరణాలతో సహా ఇక్కడ టైప్ చేయండి. యూట్యూబ్ లింకులు తర్వాత, ముందు సాహిత్యం చదువుదాం.