నల్లరాయి చెప్పే ఆక్సిజన్ లెక్క

సంపాదకులకు,

సుమారు 57 కోట్ల ఏళ్ల కిందట, తొలి జంతువుల కాలంలో, సముద్రపు ఆక్సిజన్‌ను ఒక్క కొలతతో తేల్చేయడం తొందరపాటు. నల్ల షేల్‌లోని (బురద గట్టిపడి ఏర్పడిన నల్లరాయిలోని) మొత్తం ఇనుములో చురుకైన ఇనుము (సులువుగా రసాయన చర్య జరిపే భాగం) 0.38 వంతు దాటితే అడుగునీటిలో ఆక్సిజన్ లేనట్టు; 0.22 లోపుంటే ఉన్నట్టు. నడుమ వచ్చే అంకెతో ఏదీ తేల్చలేం. చురుకైన ఇనుములో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) రూపంలో ఉన్నది 0.7–0.8 వంతు మించితే నీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉందన్నమాట.

చిక్కంతా నమూనాలోనే. ఎండావానలకు పైరైట్ తుప్పుపట్టి దాని వాటా తగ్గిపోతుంది, సల్ఫైడ్ జాడ చెరిగిపోతుంది. అందుకే రోడ్డు పక్క ముక్క పనికిరాదు, లోతు నుంచి తీసిన డ్రిల్లింగ్ కోర్ (తొలిచి తీసిన కడ్డీలాంటి రాతి నమూనా) కావాలి. పొడి చేయడానికి ఉక్కు మిల్లు వద్దు, దాని ఇనుము నమూనాలో కలుస్తుంది; అగేట్ అనే గట్టి రాతి కల్వమే వాడాలి.

మన చంద్రపూర్ జిల్లా పెన్‌గంగ సున్నపురాళ్లు జంతువులకన్నా పాతవి, పోలికకు విలువైనవి. గనుల కోర్ పెట్టెలను దయచేసి పారేయకండి.

– భూగర్భశాస్త్ర అధ్యాపకులు, రాజురా