కాలింది ఎండుటాకులే కదా అనకండి

సంపాదకులకు నమస్కారం.

శివరాత్రి దాటిందంటే నల్లమలలో మంటల వార్తలు మొదలవుతాయి. వాటి చివర తరచూ ఒకటే మాట కనిపిస్తుంది: నేలమీది ఎండుటాకులే కాలాయి, చెట్లకు నష్టం లేదు. అడవి అంచున బతికేవాణ్ణి. ఆ మాట చదివినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

తొలకరి పడ్డాక, మంట తగలని చోట ఓ మద్దిచెట్టు కింద ఆకుల్ని మెల్లగా పక్కకు తీసి చూడండి. పైన ఈ ఏడు రాలిన ఆకు ఇంకా పెళుసుగానే ఉంటుంది. దాని కింద పాత ఆకు, ఈనెలు మాత్రం మిగిలి జల్లెడలా. ఇంకా కింద నల్లటి పొడి, అందులో అల్లుకున్న తెల్లటి బూజు పోగులు. చెదలు, రోకలిబండలు, వానపాములు ఆకును ముక్కలు చేస్తే మిగతా పని బూజులు, సూక్ష్మజీవులు చేస్తాయి. ఆకులోని కర్బనంలో ఎక్కువ భాగం వాటి శ్వాసతో మళ్లీ గాలిలోకే పోతుంది. మిగిలే కొద్ది భాగం మాత్రం, చచ్చిన సూక్ష్మజీవుల అవశేషాలతో సహా, బంకమన్ను రేణువులను అంటిపెట్టుకుని దశాబ్దాలు, ఒక్కోసారి వందల ఏళ్లు నేలలో నిలుస్తుంది. ఏటా ఆ కొద్ది చేరబట్టే ఇంత నిల్వ. మన దేశపు అడవుల్లో మొత్తం కర్బనం సుమారు 720 కోట్ల టన్నులని భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక చెప్పింది. అందులో సగానికి పైగా ఉన్నది చెట్లలో కాదు, మట్టిలో.

ఒక్కసారి నేల మీద పాకిపోయిన మంట లోపలి కర్బనాన్ని కాల్చెయ్యదు, నిజమే. కానీ ఏటేటా అదే చోట కాలుతుంటే మట్టికి చేరాల్సిన మేత చేరదు. ఆకులోని నత్రజని చాలావరకు పొగలో కలిసిపోతుంది. బూడిదను మొదటి వానే వాగులోకి తోసేస్తుంది. కప్పు లేని వాలు మీద మట్టీ దాని వెంటే జారుతుంది, నీరు ఇంకదు.

మంటలు చాలావరకు మనుషుల చేతుల్లోంచి వచ్చేవే. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద పెట్టేది ఒకటి, తునికి చిగురు కోసం పెట్టేది ఒకటి, ఘాట్ రోడ్డులో కారులోంచి విసిరిన సిగరెట్టు ఒకటి. 2014 మార్చిలో శేషాచలం అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు దిగాల్సి వచ్చింది. అంతదాకా ఎందుకు తెచ్చుకోవాలి?

ప్రభుత్వాలను అడిగేది ఇదీ. అగ్గి పాకకుండా తీసే ఖాళీ దారులు సంక్రాంతి నాటికే శుభ్రం కావాలి. అడవిలో అడుగడుగూ తెలిసిన చెంచు యువకులను వేసవి అంతా కాపలాకు పెట్టుకుని, కూలి నెలనెలా చేతికివ్వాలి. ఇప్పచెట్ల కింద పరుచుకోవడానికి వలలు ఉచితంగా పంచాలి, పూలు శుభ్రంగా దొరికితే మంట పెట్టే అవసరమే ఉండదు. మంట ఆరాక రాసే నష్టం లెక్కలో చెట్లతో పాటు, కాలిన ఆకుల పొర ఎన్ని ఎకరాలో, అదే చోట అంతకుముందు ఎన్నిసార్లు కాలిందో కూడా చేర్చాలి.

– ఒక పాఠకుడు, దోర్నాల