మన పిల్లలు విలేకర్లుగా వెళ్లిన శనివారం గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

మామూలుగా అయితే ఈ ఉత్తరం పరీక్షల తేదీలతో మొదలవ్వాలి. కానీ పది రోజులుగా బడి గేటు దగ్గరా, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే మాట నడుస్తోంది కాబట్టి ముందు దాని సంగతే రాస్తాను. గత నెల రెండో శనివారం మన గోడపత్రిక పిల్లలు ఎనిమిదిమంది ఊళ్లో జరిగిన క్రైస్తవ సంగీత ఉత్సవానికి విలేకర్లుగా వెళ్లారు. తెలుగు మాస్టారు, నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాళ్ల వెంటే ఉన్నాం. మన అమ్మాయి ఒకతె పాట వింటూ తొడ మీద తాళం వేస్తుంటే ఎవరో వీడియో తీసి, "బడివాళ్లు పిల్లల్ని ప్రార్థనలకి తీసుకెళ్తున్నారు" అని రాసి పంపారు. అది పన్నెండు సెకన్ల వీడియో. ఆ పన్నెండు సెకన్లు ఎన్ని ఇళ్లు తిరిగొచ్చాయో మీకే తెలుసు.

నలుగురు తండ్రులు నేరుగా నా గదికి వచ్చి అడిగారు. వాళ్లంటే నాకు గౌరవం. వాళ్లతో అన్నదే మీ అందరికీ చెబుతున్నాను.

ఈ పిల్లలే మొన్న అక్టోబరులో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వెళ్లారు. పూజారి కూర్చునే పొడవాటి మాను, అదే సిరిమాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగే లోపల మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి, బొరుగులు అమ్మే ఆమెతోనూ బందోబస్తు కానిస్టేబుల్‌తోనూ మాట్లాడి రాసుకొచ్చారు. బాబామెట్ట దర్గా ఉరుసుకీ వెళ్లారు. అప్పుడెవరూ నన్ను అడగలేదు. జనం పోగైన చోటుకి వెళ్లడం, చూడడం, అడగడం, ఉన్నదున్నట్టు రాయడం వాళ్ల పని. శనివారం ప్రార్థన జరిగినంతసేపూ మనవాళ్లు సౌండ్ మిక్సర్ బల్ల పక్కన, తమకి వేసిన కుర్చీల్లో నోటుపుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. కళ్లు మూసుకోమని గానీ, చేతులు ఎత్తమని గానీ ఎవరూ వాళ్లకి చెప్పలేదు. తాళం వేసిన అమ్మాయి రోజూ సాయంత్రం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటుంది. పాట వినిపిస్తే ఆ పిల్ల చెయ్యి ఊరుకోదు. నా గదిలో ఫ్యాను చప్పుడుకి కూడా తాళం వేస్తుంది.

ఇంకో మాట. వెళ్లే ముందు ఎనిమిది ఇళ్లకీ అనుమతి చీటీ పంపాం. ఎక్కడికి, ఎందుకు, ఎన్ని గంటలకి తిరిగొస్తారు, అన్నీ అందులో ఉన్నాయి. ఎనిమిదీ సంతకాలతో తిరిగొచ్చాయి. ఇప్పుడు ముగ్గురు తల్లిదండ్రులు "మాకు తెలీదు" అంటున్నారు. ఒక చీటీ మీద సంతకం పిల్లవాడి చేతిరాతలోనే ఉంది. దయచేసి, బడి నుంచి వచ్చిన కాగితం చదివాకే సంతకం పెట్టండి. అది రెండు నిమిషాల పని.

ఆ రోజు పిల్లలు ఏం తెచ్చారో ఇప్పుడు చెప్పనివ్వండి, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. డ్రాయింగ్ మాస్టారు అట్టముక్కల మీద 'ప్రెస్' అని రాసిచ్చిన కార్డులు మెళ్లో వేసుకుని తొమ్మిదింటికల్లా మైదానంలో దిగారు. గుంపుగా తిరగొద్దు, ఇద్దరిద్దరు వెళ్లండి అని మాస్టారు చెప్పారు. ఏడో తరగతి కుర్రాడు సౌండ్ చూసుకునే అబ్బాయిని వదల్లేదు. మైకు ఎందుకు కూతపెడుతుంది అని అడిగితే, స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే వెళ్లి తిరగడం వల్ల అని ఆ అబ్బాయి చేసి చూపించాడట. మనవాడు దాన్ని బొమ్మ గీసి, బాణాలు పెట్టి, గోడపత్రికలో వేశాడు. సైన్సు మేడమ్ ఆ బొమ్మని తరగతిలో వాడుకుంటున్నారు.

వయొలిన్ అమ్మాయి ఒక పెద్దావిడ పక్కన చేరింది. ఆవిడ ఒళ్లో అట్ట ఊడిపోయి, గుడ్డలో చుట్టిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంది. కళ్లు కనబడవు, అయినా పాడేటప్పుడు ఆ పేజీ తీసి పట్టుకుంటుంది. మన అమ్మాయి పేజీ వంక చూస్తే పాట పైన చిన్న అక్షరాల్లో శంకరాభరణం, ఆది తాళం అని ఉంది. "మామ్మా, మీకు సంగీతం ఎవరు నేర్పారు?" అని అడిగింది. "సంగీతం ఏటమ్మా, మాయమ్మ ఇలాగే పాడీది" అందట ఆవిడ. ఆ ఒక్క మాట పట్టుకుని మా పిల్ల రెండు రోజులు లైబ్రరీలో కూర్చుంది. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు కర్ణాటక రాగాల్లో తెలుగు క్రైస్తవ కీర్తనలు కట్టారని తెలుసుకుంది. తను వయొలిన్ నేర్చుకునే కళాశాల 1919లో మొదలైందనీ, ఆదిభట్ల నారాయణదాసు గారు దాని తొలి అధ్యక్షులనీ ఎలాగూ తెలుసు. తను వారమంతా సాధన చేసే రాగమే ఆ మామ్మ ఏ పాఠమూ లేకుండా పాడుతోందని రాసింది. తొమ్మిదో తరగతి పిల్ల! నేను ముప్ఫై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, నాకు తట్టలేదు.

సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక బృందం అక్కడి గిరిజనుల సవర భాషలో పాడింది. వాళ్ల పాటల కాగితం తెలుగు లిపిలోనే ఉంది, చదవడం వచ్చింది, ఒక్క మాటా అర్థం కాలేదు అని ఎనిమిదో తరగతి అబ్బాయి రాశాడు. తర్వాత వాళ్ల దగ్గర కూర్చుని ఆరు మాటలు నేర్చుకుని వచ్చాడు. ఈ అబ్బాయి జూన్‌లో బడిలో చేరినప్పుడు హాజరు పలకడానికే గొంతు వచ్చేది కాదు.

ఇక్కడే నాకు బాధ కలిగించిన సంగతి చెప్పాలి. మధ్యాహ్నం కరెంటు పోయింది. దాని గురించి ఆరో తరగతి పాప ఇలా రాసింది: "కరెంటు పోనాది. జనరేటర్ బేగి అంటుకోలేదు. మైకులు ఆగిపోనాయి. ముసలమ్మలు ఆగలేదు." ఇంటికి తీసుకెళ్లి మర్నాడు తెచ్చేసరికి ఆ వాక్యాలు లేవు. "విద్యుత్ సరఫరాకు అంతరాయం ఏర్పడుటచే కార్యక్రమము నిలిచిపోయినది" అని పెద్దవాళ్ల చేతిరాతలో ఉంది. మంచి మనసుతోనే దిద్దారని నాకు తెలుసు. కానీ కార్యక్రమం నిలిచిపోలేదు! ముసలమ్మలు మైకు లేకుండానే పాడారు, నేనక్కడే ఉన్నాను. పాప రాసింది నిజం, దిద్దింది అబద్ధం. 'బేగి' అంటే త్వరగా, ఆ మాట మనది. 'పోనాది' మనది. గురజాడ వారు తిరిగిన ఊరు ఇది. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు చదువుకున్నది ఈ ఊళ్లోనే, ఆయనా గురజాడా ఒకే తరగతి. జనం మాట్లాడే తెలుగే రాయాలని ఆయన జీవితమంతా పోరాడారు. ఎవరూ పట్టించుకోని సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా బడిలో దండ వేసి, మిగతా ఏడాదంతా పిల్లల నోట మన మాట వస్తే "పల్లెటూరి మాట" అని కసురుకుంటే ఎలాగండీ? పరీక్షలో ఎలా రాయాలో మేం నేర్పుతాం, అది మా బాధ్యత. చూసింది చూసినట్టు, తన నోటితో అన్నట్టు రాయడం మాత్రం పిల్ల చేతిలో ఉండనివ్వండి. గోడపత్రికలో పాప వాక్యాలే పెట్టాను. ఆ పేజీ దగ్గర ఆగని పిల్ల లేదు.

ఇంకోవైపు నుంచీ ఫిర్యాదు వచ్చింది. డ్రమ్స్ మోతలో పాత కీర్తనలు వినబడలేదని పదో తరగతి అమ్మాయి రాస్తే, ఉత్సవాన్ని తక్కువ చేశారని కొందరు తల్లిదండ్రులు నొచ్చుకున్నారు. ఆ అమ్మాయి ఆ మాట ఊరికే రాయలేదు. వెనక వరసలో కూర్చున్న పదిమందిని అడిగింది, ఏడుగురు అదే చెప్పారు. డ్రమ్స్ వాయించిన కుర్రాణ్ణీ అడిగింది, అతను చెప్పింది కూడా పక్కనే వేసింది. తీసేయమని నేను చెప్పను. ఆమె వాళ్ల ఇంట్లో ఆదివారం పాటలు పాడే పిల్లే. తనకి ఇష్టమైన చోట కూడా కళ్లు తెరిచి చూసి రాసింది, అందుకే ఆమె అంటే నాకు అంత గర్వం. పిల్లల పేర్లు వేయొద్దని రెండు ఇళ్లవాళ్లు కోరారు కాబట్టి ఎవరివీ వేయడం లేదు. వేయగలిగితే పెద్ద అక్షరాల్లో వేసేదాన్ని.

పదో తరగతి ప్రీఫైనల్ టైంటేబుల్ నోటీసు బోర్డులో ఉంది, ఆపార్ ఐడీకి (విద్యార్థి గుర్తింపు సంఖ్యకి) ఆధార్ జిరాక్సు ఇంకా ఇవ్వనివాళ్లు ఈ వారంలో ఇవ్వండి, సాయంత్రం స్టడీ అవర్స్ అయిదున్నర దాకా.

చివరిగా ఇళ్ల గురించి ఒక మనవి. రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసి, పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలు మొదటి పీరియడ్‌లోనే బల్ల మీద తల పెడుతున్నారు. ఫోన్ పెద్దవాళ్ల చేతిలోనూ ఉంటోంది కాబట్టి పిల్లలకి వద్దని చెప్పడం కష్టమని ఒక అమ్మ నిజాయితీగా చెప్పింది. ఆ కష్టం నాకు అర్థమైంది. పోనీ రాత్రి భోజనాల దగ్గర ఆ ఇరవై నిమిషాలు ఫోన్లన్నీ ఒక చోట పెట్టి, ఈ రోజు ఏం చూశావు అని అడగండి. ఎనిమిదిమంది విలేకర్లలో ఇంట్లో దినపత్రిక వచ్చేది ఇద్దరికే. కొనలేకపోతే ఫర్వాలేదు, బడి లైబ్రరీలో మూడు పత్రికలు ఉన్నాయి, మీరూ వచ్చి చదవొచ్చు.

గోడపత్రిక ఆఫీసు వరండాలో నెలాఖరు దాకా ఉంటుంది. వీడియో చూసినవాళ్లు అది కూడా వచ్చి చదవండి, కుర్చీలు వేయిస్తాను. వచ్చే వారం పిల్లలు రైతు బజారుకి వెళ్తున్నారు. చీటీ సోమవారం మీ ఇంటికి వస్తుంది.

నమస్కారాలతో,
మీ ప్రధానోపాధ్యాయురాలు,
విజయనగరం