తెరచాప కయాక్‌లు: పడవల విభాగం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం పడవల విభాగంలో, తెడ్డుతో నడిపే కయాక్ పడవలకు తెరచాపలు అమర్చడానికి జరిగిన పనిని ఈ నివేదికలో మీ ముందుంచుతున్నాను. ఉగాది సభ, గ్రంథాలయం, పిల్లల తెలుగు తరగతుల వివరాలు జమాఖర్చుల పట్టికతో పాటు విడిగా అందుతాయి కనుక ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. గత సర్వసభ్య సమావేశంలో "పడవలతో మన సంఘానికి ఏం పని?" అని అడిగిన సభ్యులున్నారు. మనలో చాలామందివి ఒడిశాలోని గోపాలపూర్ తీరాన తరతరాలుగా సముద్రం మీద బతికిన ఇళ్లేననీ, ఇంజన్లు వచ్చాక తెరచాప కట్టడం తెలిసినవాళ్లు ఆ ఇళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారనీ అప్పుడు చెప్పిన సమాధానమే ఇప్పుడూ చెబుతున్నాను. ఏడాది పని పూర్తయ్యాక ఆ సమాధానం మీద నా నమ్మకం ఇంకొంచెం గట్టిపడింది.

ఒక జలక్రీడల కేంద్రం మూతపడుతూ పాత సామాను అమ్ముతున్నదని తెలిసి, రెండు కయాక్‌లను మే నెలలో కొన్నాము. ఒక్కొక్కటి 3.6 మీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు ఉండి, పైన కూర్చుని తెడ్డు వేసుకునే రకానికి చెందిన పాలిథిలిన్ పడవలివి. గోపాలపూర్ ఒడ్డున కెరటం విరిగే చోట వీటిని దించకూడదని మొదటే తీర్మానించుకున్నాము. పడవ ఒరగకుండా పక్కలకు చాచి కట్టే కర్రలు ఒక్క పెద్ద కెరటానికి విరిగిపోతాయి. రుషికుల్య నది ముఖద్వారం దగ్గర నడుపుదామని కొందరు సూచించారు గానీ, నవంబరు 1 నుంచి మే 31 వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం చేపల వేటనే ఆపిన చోట సరదా పడవలు తిప్పడం సబబు కాదనిపించింది. చివరికి చిలికా సరస్సు దక్షిణ భాగంలో ఉన్న రంభ వైపు నీళ్లను ఎంచుకున్నాము. వానాకాలంలో సుమారు 1,165 చదరపు కిలోమీటర్లకు పరుచుకుని, వేసవిలో 906కు కుంచించుకుపోయే ఆ సరస్సులో చాలా చోట్ల లోతు తక్కువ. పడవ బోల్తా పడినా కెరటం మీదికి వచ్చి కొట్టే భయం సముద్రంలో ఉన్నంత ఉండదు. అయితే నాచు, వలలు, రొయ్యల పెంపకానికి కట్టే ఘేరీల వెదురు దడులు అక్కడ నిత్యం ఎదురవుతాయి. ఆ ఇబ్బందులే మేము చేసిన భాగాల రూపాన్ని చాలావరకు నిర్ణయించాయి.

పడవకు తెరచాప తగిలించడమంటే గాలి తోపును ఏదో ఒక చోట పడవ ఒంటికి అప్పగించడమే. కొయ్య పడవ అయితే మేకు దిగుతుంది, జిగురు అంటుతుంది. పాలిథిలిన్‌కు మామూలు జిగురేదీ అంటదన్న సంగతిని ఒక జూన్ నెలంతా పోగొట్టుకుని నేర్చుకున్నాము. తెరచాప కొయ్య పాదానికి కర్ర దిమ్మను చెక్కి, అరల్డైట్ జిగురుతో పడవ పైతలమైన డెక్కు మీద అంటించి, రెండు రోజులు ఎండనిచ్చి, కొయ్య నిలబెట్టి చేత్తో ఇలా ఊపగానే ఆ జిగురంతా ఎండిన పుండు పెచ్చులాగ ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. కింద ప్లాస్టిక్ మీద గీత కూడా లేదు. బోల్టులు వేసి లోపలి వైపు పెద్ద పలక ఆనించడమే ఆ పదార్థానికి మాకు కుదిరిన పద్ధతి. పలకల కోసం వంటింట్లో కూరగాయలు తరిగే మందపాటి ప్లాస్టిక్ పలకలను కోసి వాడాము, వాషర్లను పాత ట్యూబుతో కత్తిరించాము. బోల్టులు మాత్రం స్టెయిన్‌లెస్‌లో 316 రకమే కొన్నాము. ఖరీదెక్కువే, కానీ ఉప్పునీటి దగ్గర 304 రకానికి తుప్పు మచ్చలు త్వరగా వస్తాయి. నీటి మట్టానికి కింద ఒక్క రంధ్రం కూడా చేయకూడదన్న నియమాన్ని ఇంతవరకు తప్పలేదు.

ఇంత సన్నని పడవ మీద తెరచాప ఎత్తితే పక్కకు ఒరిగిపోతుంది కనుక, రెండు వైపులా తేలే గొట్టాలు ఉండాలి. ఈ అవుట్‌రిగ్గర్లకు మేము పక్క తేలులని పేరు పెట్టుకున్నాము. మొదట చవక కదా అని ఇళ్ల మురుగునీటికి వాడే 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు తెచ్చాము. రెండు మీటర్ల ముక్క తోసే నీరు 19 లీటర్లు. పైపు బరువు, మూతల బరువు పోగా మిగిలే తేలుడు పట్టుమని పదహారు కిలోలు లేదు. మనిషి ఒక పక్కకు వాలగానే అది నీటిలోకి మాయమైంది. 160 మిల్లీమీటర్ల పైపుకు మారాక అదే పొడవులో 40 లీటర్లు వచ్చాయి, బరువులు పోగా ముప్ఫై కిలోలకు పైగా నిలిచింది. వ్యాసం ఒకటిన్నర రెట్లు కూడా పెరగకుండానే తేలుడు రెట్టింపు దాటిన ఈ లెక్కను మన కుర్రాళ్లు పడవల పాకలోని నల్లబల్ల మీద వేసి చూపినప్పుడు, పెద్దవాళ్లు కూడా లేచి వచ్చి చూశారు. పైపు ముందు కొస మొద్దుగా ఉంటే నీటిలోకి దూరిపోతుందని, 45 డిగ్రీల బెండు ఒకటి పైకి తిప్పి అతికించి దానికి మూత వేశాము.

ఆగస్టులో జరిగిన పొరపాటును దాచకుండా చెప్పాలి, అది పూర్తిగా మా తొందరపాటే. ముసురు పట్టిన సాయంత్రం తడి ఆరని పైపులకు పీవీసీ అతికించే సొల్యూషన్ పూసి మూతలు బిగించి, మర్నాడు ఉదయమే రంభకు తీసుకుపోయాము. పైపు ముక్క పొడిగా ఉండాలి, గరుకు కాగితంతో రుద్ది ఉండాలి, అతుకు ఒక పూర్తి రోజు ఆరాలి. ఈ మూడింటిలో ఒక్కటీ జరగలేదు. ఒడ్డు నుంచి రెండు వందల మీటర్లు వెళ్లాక ఎడమ తేలు నెమ్మదిగా నీరు తాగి, పడవ ఆ వైపు కుంగిపోయింది. నడుపుతున్న ఇద్దరూ లైఫ్ జాకెట్లతోనే ఉన్నారు గనుక దిగి నడుము లోతు నీటిలో నడిపించుకుని వచ్చారు. అప్పటినుంచి మూత బిగించే ముందు ప్రతి పైపులోనూ బిరడాలు గట్టిగా బిగించిన ఖాళీ రెండు లీటర్ల శీతల పానీయాల సీసాలను వరుసగా కూరుతున్నాము. ఇక అతుకు కారినా సీసాల గాలి మిగులుతుంది.

ఈ తేలులను పడవకు కలిపే అడ్డ కర్రల దగ్గరే ఈ ఏడాదిలో నేర్చుకున్న అసలు పాఠం ఉంది. మేము గట్టి వెదురు తెచ్చి, డ్రిల్లుతో రంధ్రాలు చేసి బోల్టులు వేశాము. రెండో ప్రయాణానికే ఒక కర్ర బోల్టు రంధ్రం నుంచి కణుపు దాకా నిలువునా చీలింది. గోపాలపూర్ బస్తీ నుంచి వచ్చిన డెబ్బై దాటిన తాతగారొకరు ఆ చీలికలో గోరు పెట్టి చూసి, "తెప్పకి మేకు కొట్టినోడ్ని ఎక్కడైనా సూసేవా బాబూ? దుంగల్ని తాడేసి కడతాం. కట్టు ఒగ్గుతాది, మేకు ఒగ్గదు" అన్నారు. తర్వాత ఆయనే కూర్చుని కట్టి చూపారు. పాత సైకిల్ ట్యూబును రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి, ప్రతి చుట్టునూ సాగదీసి లాగుతూ, కర్రకూ తేలుకూ అడ్డంగా ఎనిమిది చుట్లు వేసి, ఆ చుట్ల నడుమ నుంచి నిలువుగా మరో నాలుగు చుట్లు బిగించి, దాని మీద నైలాను తాడుతో కట్టు పూర్తి చేశారు. రబ్బరు బిగుతునిస్తుంది, తాడు తెగకుండా చూసుకుంటుంది. పడవ ఊగినప్పుడు కట్టు రవ్వంత కదిలి మళ్లీ తన చోటికి వస్తుంది. సెప్టెంబరు నుంచి ఒక్క కర్ర కూడా చీలలేదు. పడవకు అడ్డ కర్రలను బిగించడానికి కూడా డెక్కుకు రంధ్రాలు మానేసి, లారీ సరుకు కట్టే బెల్టులను పడవ కింద నుంచి చుట్టి లాగుతున్నాము. తెరచాప కొయ్య కూడా ముందు అడ్డ కర్రకే ఆని నిలుస్తుంది కనుక, గాలి తోపు డెక్కును నలపకుండా నేరుగా కర్రలకు పోతుంది. దాంతో జూన్‌లో కొన్న బోల్టులలో సగానికి పైగా డబ్బాలోనే ఉండిపోయాయి.

కొయ్యకు సరుగుడు కర్ర తీసుకున్నాము, డెక్కు మీద 1.8 మీటర్లు. చాప త్రికోణాకారం, మూడు భుజాలూ 2.6 మీటర్లు, విస్తీర్ణం సుమారు 2.9 చదరపు మీటర్లు. రెండు భుజాలకు వెదురు వాసాలు. గుడ్డకు బదులు రెండు వైపులా పూత ఉన్న 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల) టార్పాలిన్ వాడాము, వానకు కప్పే పలుచని నీలి రకం తాడు దూర్చే కంటి రింగుల దగ్గరే చిరిగిపోతుంది. టైలరు చేత అంచులో తాడు పెట్టి మడిచి, జిగ్‌జాగ్ కుట్టు వేయించాము. స్కేలు పెట్టి గీసిన సరళరేఖల మీద మేమే కత్తిరించిన మొదటి చాపను చూసి అదే తాతగారు నవ్వారు. "ఏటిది, సాపని బల్లలాగ కోసీసారు, గాలెక్కడ నిలబడతాది?" అన్నారు. వాసాలకు కట్టే రెండు అంచులనూ నడిమిలో ఆరు సెంటీమీటర్లు బయటికి ఉబ్బేలా వంపుగా కోయించారు. తిన్నని వాసానికి వంపు అంచును కట్టేసరికి మిగిలిన గుడ్డ లోపలికి జారి బొజ్జలాగ నిండింది. వెనుక అంచు కొట్టుకోకుండా అక్కడ కొద్దిగా లోపలికి కోశాము. అదే గాలిలో, అదే పడవ ముందు కంటే హుషారుగా కదలడం ఒడ్డున నిలబడి చూసిన అందరికీ తెలిసింది.

ఎదురుగాలికి ఏటవాలుగా పోవాలంటే పడవ పక్కకు జారకుండా నీటిలోకి ఒక పలక దిగాలి. తెప్పల మీద కూడా పూర్వం పక్కన పలక దింపేవారని బస్తీలో పెద్దలు చెప్పారు. మా పలక 90 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు. నీటిలో ఉండే భాగం చాప విస్తీర్ణంలో ఇరవయ్యో వంతుకు దగ్గరగా ఉంటుంది. ఒక్క బోల్టు మీద తిరుగుతుంది కనుక నాచుకో దడికో తగిలితే వెనక్కి లేస్తుంది. దీని ప్లైవుడ్ విషయంలో మోసపోయాము. మెరైన్ రకమని చెప్పి ఒక దుకాణంలో ఇచ్చిన ముక్క నెల తిరగకుండానే పొరలు విడిపోయి అరటి బోదెలాగ అయింది. మెరైన్ ప్లైవుడ్‌కు ఉండవలసిన ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూడకుండా తెచ్చిన తప్పు నాదే, ఆ సొమ్ము నా ఖాతాలో వ్రాసుకోమని కోశాధికారికి చెప్పాను.

పలక ఎక్కడ ఉండాలన్నది ఇంకా సూక్ష్మమైన విషయం. చేతికి అందుతుందని సీటు పక్కనే పెట్టాము. చాప బలం పలకకు బాగా ముందు పడి, తెడ్డు ఎంత వేసినా ముక్కు గాలి కిందికే తిరిగిపోయేది, గాలికి ఎదురుగా మలుపు తిరగడం అసాధ్యమయ్యేది. పలకను ముప్ఫై సెంటీమీటర్లు ముందుకు జరిపాక పడవ స్వభావమే మారింది. ఇప్పుడు చుక్కాని వదిలేస్తే ముక్కు నెమ్మదిగా గాలి వైపు తిరిగి, చాప కొట్టుకుని పడవ ఆగుతుంది. కొత్తవాళ్లు కంగారుపడినప్పుడు పడవ తనంతట తానే ఆగడం కంటే కావలసినదేముంది? చుక్కానికి తలుపు కీళ్లు వాడాము. ఇనుపవి పదిహేను రోజుల్లో బిగుసుకుపోయాయి, ఇత్తడివి నడుస్తున్నాయి.

గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. అందువల్ల చాప తాడును ఎవరూ ఎన్నడూ ముడి వేయకూడదు, చేతిలోనే ఉండాలి. తేలు మునగడం మొదలైతే వెంటనే వదలాలి. ఒక్క లాగుకు చాప మొత్తం కొయ్యకు ముడుచుకునేలా మరో తాడు అమర్చాము. లైఫ్ జాకెట్, ఈల, తాడు కోసే కత్తి లేనిదే పాక తాళం ఇవ్వడం లేదు. ఈ విషయంలో నా మీద కోపగించుకున్న సభ్యులు ఇంకా కోపంగానే ఉన్నారు, ఉండనివ్వండి.

అక్టోబరు 24 రాత్రి దానా తుపాను ఉత్తరాన భితరకనిక వైపు తీరం దాటే ముందు, జాగ్రత్తగా కొయ్యలు దించి పడవలను బోర్లించి కట్టేశాము. నవంబరు 15న కార్తీక పౌర్ణమి. ఒడియా ఇళ్ల పిల్లలు తెల్లవారకుండానే అరటి దొప్పల పడవలు వదిలిన రేవులోనే, ఉదయం మన రెండు పడవలను చాపలెత్తి అందరికీ చూపించాము. 1936లో మన గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది గానీ, ఆ రేవులో పిల్లలు మన పడవను డంగా అనీ, చాపను పాల అనీ పిలుస్తుంటే, మన పిల్లలు ఆ మాటల్నే పట్టుకుని తెలుగు క్రియలు తగిలించేస్తున్నారు. తెలుగు తరగతుల ఉపాధ్యాయులకు ఇది నచ్చకపోవచ్చు.

కయాక్‌ల ధర కాక, మొదటి పడవ అమరికకు 7,850 రూపాయలు, రెండవదానికి 5,200 రూపాయలు అయ్యాయి. తేడా అంతా చెడగొట్టిన పైపులు, జిగురు, ప్లైవుడ్ ఖరీదే. టార్పాలిన్ చాపలు ఎండకు పెళుసుబారి, మడతల దగ్గర పొడి రాలుతున్నాయి. వానలు రాకముందే రెండూ మార్చాలి. వంపు గీతల నమూనాను ఈసారి కాగితం మీద దించి పాకలో భద్రపరిచాము. తాతగారు కట్లు కట్టడం నేర్పుతానని ఒప్పుకున్నారు. ఆదివారాలు ఉదయం ఏడు గంటలకు ఆయన పాక దగ్గరే ఉంటారు. నేర్చుకోదలచినవారు ఇంట్లో పడివున్న పాత సైకిల్ ట్యూబులు వెంట తీసుకురావలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి