చిన్న పరిశ్రమలకు సర్కారు టెండర్లు అందాలంటే

సంపాదకుల వారికి,

బడులకు బల్లలు, హాస్టళ్లకు ఇనుప మంచాలు, పంచాయతీలకు చెత్త బండ్లు చేసి ఇవ్వగల వర్క్‌షాపులు మన జిల్లా కేంద్రాలన్నింటిలోనూ ఉన్నాయి. అయినా వాటిలో ప్రభుత్వ టెండరు వేసే దాకా వచ్చేవి తక్కువ. పనితనం లేక కాదు, టెండరు షెడ్యూలులోని అర్హత నిబంధనలే వాటిని గుమ్మం దగ్గర ఆపేస్తున్నాయి.

ఇనుప సామాను చేసే చిన్న షెడ్డు నడుపుతున్నవాడిగా నాకు బాగా తెలిసిన సంగతి ఇది. కొన్ని జిల్లాల హాస్టళ్లకు కావలసిన మంచాలన్నిటినీ ఒకే ప్యాకేజీగా కట్టి, గత మూడేళ్లలో అంతటి ఆర్డరు ఒక్కసారైనా పూర్తి చేసి ఉండాలని షరతు పెడితే, నెలకు వంద మంచాలు నాణ్యంగా చేయగలిగినవాడు ఆ అనుభవ పత్రం ఎక్కడి నుంచి తెస్తాడు? మొత్తంగా కొంటే ధర తగ్గుతుందని అధికారులు చెప్పే మాటలో నిజం లేకపోలేదు. కానీ దూరం నుంచి వచ్చిన మంచానికి ఆర్నెల్లలో వెల్డింగు ఊడితే బాగుచేసే దిక్కుండదు, అది వరండాలో ఓ మూల తుప్పు పడుతూ ఉంటుంది. అదే సరుకు జిల్లాలవారీగా, వీలైతే డివిజన్లవారీగా విడగొట్టి పిలిస్తే స్థానికులు పోటీలోకి వస్తారు, మరమ్మతుకూ వాళ్లే దొరుకుతారు.

కేంద్రం ఈ విషయంలో ఒక దారి వేసింది. 2012 నాటి కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో కొంత వాటా సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే తీసుకోవాలి. మొదట 20 శాతంగా ఉన్న ఆ వాటా 2019 ఏప్రిల్ నుంచి 25 శాతమైంది. అందులో ఎస్సీ, ఎస్టీల సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం ప్రత్యేకించారు. టెండరు పత్రాలు ఉచితం, ఈఎండీ, అంటే టెండరుతో పాటు కట్టే ధరావత్తు, కట్టనక్కర్లేదు. చిన్న సంస్థ వేసిన ధర ఎల్-1 (అందరికన్నా తక్కువగా వేసిన ధర) కన్నా 15 శాతం లోపు ఎక్కువగా ఉన్నా, ఎల్-1 ధరకే ఇవ్వడానికి ఒప్పుకుంటే కొంత ఆర్డరు దానికి దక్కుతుంది. ఖజానాకు పైసా నష్టం లేని ఈ ఏర్పాటు రాష్ట్ర శాఖలను, మున్సిపాలిటీలను, పంచాయతీలను కట్టడి చేయదు. మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇవే వెసులుబాట్లను ప్రతి శాఖ, ప్రతి పురపాలక సంఘం టెండరు షెడ్యూలులో తప్పనిసరిగా అచ్చు వేయించాలి.

మా వైపు నుంచి చేయవలసిందీ ఉంది. చిన్న సంస్థగా గుర్తింపునిచ్చే కేంద్రం వారి ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం, దాని కోసం దళారులకు డబ్బు ఇవ్వకండి. ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ అంగడి అయిన జెమ్ పోర్టల్‌లో రాష్ట్ర శాఖలూ కొంటాయి కనుక అక్కడా నమోదు కావాలి. ఆన్‌లైన్‌లో టెండర్లు వేసే ఈ-ప్రొక్యూర్‌మెంట్ కోసం డిజిటల్ సంతకం తీసుకుని, జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు ఏ ఏడూ తప్పకుండా వేయాలి. మొదట చిన్న సరఫరాలు తీసుకుని, పని ముగిసిన వెంటనే అనుభవ ధ్రువపత్రం రాయించుకోవాలి. తర్వాత పనికొచ్చేది అదే.

టెండరు దక్కాక అసలు కష్టం బిల్లు దగ్గర మొదలవుతుంది. సరుకు అంగీకరించిన 45 రోజుల లోపు చెల్లించాలని, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం చెబుతోంది. అందుకే డెలివరీ చలానా మీద తేదీతో సంతకం పెట్టించుకోవాలి. బకాయి పడితే ఇలాంటి తగాదాలు తీర్చడానికి ఆ చట్టం కింద ఏర్పడిన ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లే హక్కు ఉంది. అయితే రేపు మళ్లీ అదే ఆఫీసుకు వెళ్లాల్సిన చిన్నవాడు ఫిర్యాదుకు జంకుతాడు. కాబట్టి ప్రతి శాఖా తనకు సరుకిచ్చిన చిన్న సంస్థల బిల్లుల జాబితాను, అవి అందిన తేదీలతో సహా నెలనెలా వెబ్‌సైటులో పెట్టాలని, గడువు దాటిన వాటిపై జిల్లా పరిశ్రమల కేంద్రం కలెక్టరుకు నివేదిక ఇచ్చేలా ఉత్తర్వు జారీ చేయాలని మీ పత్రిక ద్వారా ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చిన్న పరిశ్రమ నిర్వాహకుడు,
విజయవాడ