పైథాన్‌లో క్లాసుల పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

సంపాదకులకు,

మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్, డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థులు చాలామంది ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌ను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే మొదటిసారి చూస్తున్నారు. సమాచారాన్నీ దాని మీద పనిచేసే ఫంక్షన్లనూ ఒకచోట కట్టి ఉంచే అచ్చు క్లాసు, ఆ అచ్చు నుంచి తయారయ్యే ఒక్కొక్కటీ ఆబ్జెక్టు; వీటితో ప్రోగ్రామ్ రాసే పద్ధతే ఇది. లూపులు, లిస్టులు, ఫంక్షన్ల దాకా బాగానే వచ్చిన పిల్లలు క్లాసుల దగ్గర చతికిలపడుతున్నారు. వాళ్ల చేతికిస్తున్న పాఠాన్ని సరిదిద్దితే ఈ ఇబ్బందిలో చాలా భాగం తీరుతుంది.

పైథాన్ అధికారిక ట్యుటోరియల్‌లో తొమ్మిదో అధ్యాయం క్లాసులది. మొదట్లోనే సీ ప్లస్ ప్లస్, మాడ్యులా-3 భాషలతో పోలిక వస్తుంది. ఆ తర్వాత నేమ్‌స్పేస్‌లు, స్కోపులు, అంటే ఏ పేరు ఎక్కడ చెల్లుతుందనే నియమాలు. అదంతా దాటాకే మొదటి క్లాసు కనబడుతుంది. అందులో ఉన్నది రెండే: ఐ అనే పేరుకు 12345 విలువ, హలో వరల్డ్ అని తిరిగిచ్చే ఎఫ్ అనే ఫంక్షన్. ఆ ఐ ఏ ఒక్క ఆబ్జెక్టుకూ సొంతం కాదు, క్లాసు మొత్తానికీ ఉమ్మడి. ఉమ్మడి పేరుకు లిస్టు తగిలిస్తే ఏమవుతుందో మరికొంత ముందుకెళ్లాక కుక్కల ఉదాహరణలో చెబుతారు. ఒక కుక్కకు నేర్పిన విద్య రెండో కుక్క లిస్టులోనూ కనబడుతుంది. ఆ హెచ్చరిక చేరేలోపే విద్యార్థి మొదటి నమూనాను చూసి విలువలన్నీ క్లాసు కిందే రాయడం అలవాటు చేసుకుని ఉంటాడు.

ఆ ట్యుటోరియల్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అది ప్రోగ్రామింగ్ ముందే వచ్చినవాళ్ల కోసమని అందులోనే రాసుంది. మన గైడ్లు, ల్యాబ్ మాన్యువళ్లు కొత్తవాళ్ల కోసం రాసినవి. వాటిలో చాలావరకు ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్ అనే సిద్ధాంత పదాల నిర్వచనాలతో మొదలవుతాయి. ఒక్క ఆబ్జెక్టునైనా తయారుచేసి చూడని విద్యార్థికి అవి రెండు మార్కుల జవాబులుగా తప్ప ఎందుకూ పనికిరావు.

పాఠం ఒక చిన్న పనితో మొదలవ్వాలి. రెండు బ్యాంకు ఖాతాల నిల్వలను ముందు డిక్షనరీల్లో (పేరు, దాని విలువ జతగా దాచే పైథాన్ అమరికల్లో) పెట్టించి, డబ్బు జమచేసే ఫంక్షన్ విడిగా రాయించండి. తర్వాత ఆ నిల్వనూ ఆ ఫంక్షన్‌నూ ఒకచోట చేర్చి ఖాతా అనే క్లాసు కట్టించండి. పైథాన్ 3 వచ్చిన 2008 నుంచి వేరియబుళ్లకు, క్లాసులకు తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకోవచ్చు. కాబట్టి సీత.జమ(500) అని రాసినా పైథాన్ ఒప్పుకుంటుంది. ఆ వెంటనే ఖాతా.జమ(సీత, 500) అని కూడా రాయించి, ప్రతిసారీ సీత.నిల్వ ప్రింట్ చేయించాలి. రెండు సార్లూ నిల్వ 500 పెరుగుతుంది. చుక్కకు ముందున్న ఆబ్జెక్టే ఫంక్షన్‌కు మొదటి ఆర్గ్యుమెంట్‌గా, అంటే మొదట అందించే విలువగా, వెళుతుందని, ఫంక్షన్ నిర్వచనంలో మొదట రాసే సెల్ఫ్ అంటే అదేనని కళ్లముందే తేలిపోతుంది. తెలుగు పేర్లతో ఒక జాగ్రత్త. పొల్లు విడిగా కనబడేందుకు కీబోర్డు కొన్నిసార్లు కంటికి కనబడని అక్షరం ఒకటి చేరుస్తుంది. అది పేరు మధ్యలో ఉంటే పైథాన్ సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది.

గైడ్లలో అసలు కనబడనివి ఎర్రర్లు. జమ ఫంక్షన్ నిర్వచనంలో సెల్ఫ్ మరిచిపోయి మొత్తం అనే ఒక్క పేరే రాస్తే, సీత.జమ(500) దగ్గర పైథాన్ "ఒక ఆర్గ్యుమెంటే తీసుకుంటుంది, రెండు ఇచ్చారు" అనే అర్థంలో ఇంగ్లిష్‌లో ఫిర్యాదు చేస్తుంది. ఇచ్చింది ఒక్క 500 కదా, రెండోది ఎక్కడిదని విద్యార్థి తికమకపడతాడు. పై ఉదాహరణ చేసినవాడికి ఆ రెండోది సీత అని ఇట్టే తెలుస్తుంది. ఫంక్షన్ లోపల సెల్ఫ్ లేకుండా నిల్వ = నిల్వ + మొత్తం అని రాస్తే, విలువ లేని లోకల్ వేరియబుల్ (ఆ ఫంక్షన్ లోపలికే పరిమితమైన పేరు) అంటూ ఆగిపోతుంది. నిల్వ = మొత్తం అని మాత్రమే రాస్తే ఇంకా ప్రమాదం. ఎర్రరే రాదు, ఖాతాలో నిల్వా మారదు. విలువను ఊరికే చదివే చోట సెల్ఫ్ మరిస్తే, 2023లో వచ్చిన 3.12 నుంచి సెల్ఫ్‌తో కలిపి రాయాలేమోనని పైథానే సూచిస్తుంది. ల్యాబుల్లో పాత వెర్షన్లుంటే ఆ సాయం అందదు.

అచ్చు విషయం చిన్నదిగా తీసేయకండి. ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు దానంతటదే నడిచే ఇనిట్ అనే ఫంక్షన్ పేరుకు ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లు ఉండాలి. పుస్తకంలో ఆ రెండూ కలిసిపోయి ఒకే గీతలా అచ్చవుతాయి. చూసినవాళ్లు ఒక్కొక్కటే టైప్ చేస్తారు. క్లాసు రాసినప్పుడు ఏ ఎర్రరూ రాదు. 1000 నిల్వతో కొత్త ఖాతా తయారుచేయడానికి ఖాతా(1000) అని పిలిచినప్పుడు మాత్రం ఖాతా ఆర్గ్యుమెంట్లు తీసుకోదంటుంది. "రెండేసి అండర్‌స్కోర్లు" అని పక్కనే మాటల్లో రాస్తే చాలు. వంకర కోట్ గుర్తులు కూడా అంతే, పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ప్రోగ్రామ్ నడవదు.

ఇన్‌హెరిటెన్స్‌ను, అంటే ఉన్న క్లాసు మీద ఆధారపడి మరో క్లాసు కట్టడాన్ని, వేరే వారానికి వాయిదా వేయొచ్చు. విద్యార్థి సొంతంగా రెండు మూడు క్లాసులు రాశాకే దాని అవసరం అర్థమవుతుంది.

ఇలాంటి సంస్కరణ జరగనిదేమీ కాదు. పెర్ల్ భాషలో ఆబ్జెక్టుల గురించి వేర్వేరుగా ఉన్న నాలుగు పాత పాఠాలను 2012లో 5.16 వెర్షన్‌తో పక్కనపెట్టి, ఒకే కొత్త ట్యుటోరియల్ తెచ్చారు. అందులో ముందు ఆబ్జెక్టు, క్లాసు అనే భావనలు చెప్పి, ఆబ్జెక్టులు ఎప్పుడు వాడాలో కూడా వివరించి, ఆపైనే పెర్ల్‌లోని పద్ధతుల్లోకి వెళ్లారు. పైథాన్ డాక్యుమెంటేషన్‌కూ ఎవరైనా మార్పులు పంపొచ్చు. తెలుగు ప్రోగ్రామర్లు ఈ పనిలో చేయి వేయాలి.

సిలబస్ కమిటీలకు నా విన్నపం: కొత్త మాన్యువల్‌ను అచ్చుకు పంపేముందు, క్లాసులు ఎప్పుడూ చూడని అయిదారుగురు విద్యార్థుల చేతికివ్వండి. పక్కన కూర్చోండి, ఏమీ చెప్పకండి. ఏ వాక్యం దగ్గర ఆగారో, ఏ ఎర్రర్ దగ్గర చేతులెత్తేశారో రాసుకుని ఆ చోట్లు తిరగరాయండి. మీ పత్రిక విద్యా పేజీలో పైథాన్ పాఠాలు వేస్తే, కోడ్‌లో ప్రతి అక్షరం ఒకే వెడల్పు ఉండే ఫాంటు వాడి, నాలుగు ఖాళీల ఇండెంటేషన్ చెదరకుండా చూడాలని మనవి.

ఇట్లు,
కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు,
హనుమకొండ