చి. రాజాకు ఉత్తరం

చి. రాజాకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ బీపీ అదుపులోనే ఉంది. మిర్చి రెండో కోత అయింది, కాయ రంగు బాగుంది, యార్డులో ధరే ఇంకా లేవలేదు. నువ్వు ఫోన్లో దొరకడం లేదు కాబట్టి రాస్తున్నాను. వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మ పెడితే మాట్లాడినట్టు కాదు.

పెద్దత్త వాళ్ళింట్లో వ్రతానికి వెళ్తే శేషు బావమరిది నీ మాట ఎత్తాడు. నువ్వు రూమ్ ఖాళీ చేశావనీ, ఎవరింట్లోనో సోఫా మీద పడుకుంటున్నావనీ. అతని నోటి సంగతి తెలిసిందేగా, నేను పట్టించుకోలేదు.

అది కాదు గానీ, మీ కాన్వొకేషన్‌కి మేం డబ్లిన్ వచ్చినప్పుడు, నువ్వు నైట్ షిఫ్ట్ చేసొచ్చి నిద్రపోతుంటే నేను నడకకి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు లిఫీ నది గట్టు వెంట కస్టమ్ హౌస్ దాటాను. సన్నగా జల్లు పడుతోంది. ముందు కొందరు మెల్లగా నడుస్తున్నారు, వాళ్ళ వెనక ఓ బక్క కుక్క. దాన్ని అదిలించబోయాను. తీరా చూస్తే కంచు! దిమ్మె లేదు, చుట్టూ కంచె లేదు, మనం నడిచే రాళ్ళ మీదే నిలబెట్టారు. ఒకామె చిన్న మూటను గుండెకి అదుముకుంది. ఒకడి భుజాల మీద ఎవరో వేలాడుతున్నారు, ప్రాణం ఉందో లేదో తెలియదు. పీక్కుపోయిన బుగ్గల మీద వాన నీళ్ళు జారి గడ్డం దగ్గర చుక్కలు కడుతున్నాయి. అందరూ సముద్రం వైపే వెళ్తున్నారు. కలిసే నడుస్తున్నారు గానీ ఎవరి లోకంలో వాళ్ళున్నట్టు అనిపించింది. అదే నాకు మనసులో పట్టుకుంది.

ఆ బొమ్మలు రోవన్ గిలెస్పీ అనే ఆయన చేశాడట, ఐర్లండు కరువుకి గుర్తుగా 1997లో పెట్టారు. 1845లో అక్కడ బంగాళాదుంపకి తెగులు వచ్చి, కరువులో పది లక్షల మంది పోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కారు. పేదల పొలాల్లో ఎక్కువగా లంపర్ అనే ఒకే రకం. ఒక్క రకాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది మన చేలోనే చూశాం కదా. ఇంకో దారుణం, జనం చస్తుంటే ధాన్యం, పశువులు ఇంగ్లండుకి ఓడల్లో పోతూనే ఉన్నాయి. కౌలు కట్టలేని వాళ్ళని ఇళ్ళలోంచి వెళ్ళగొట్టారు. అన్నట్టు, నీ అద్దె ఈ నెల కట్టావా?

మన గుంటూరు వైపు 1832–33లో నందన కరువు వచ్చింది. దానికి ఇలాంటి బొమ్మ ఒక్కటి నేనెక్కడా చూడలేదు. గోదావరి వైపు కాటన్ దొర విగ్రహాలు మాత్రం ఊరూరా ఉన్నాయి. ఆయన గొప్పవాడే, కాదనను.

టొరంటోలో వాసు ఫోటో పంపాడు. ఆ కరువులో ఓడలెక్కి అక్కడ రేవులో దిగినవాళ్ళ బొమ్మలు కూడా గిలెస్పీవే, 2007లో పెట్టారు. ఒకడు చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. అయితే అక్కడ అందరికీ సుఖం దక్కిందనుకోకు. 1847లో ఇరవై వేల జనాభా ఉన్న ఊళ్ళోకి ముప్పై ఎనిమిది వేల మంది దిగారు, వెయ్యి మందికి పైగా జ్వరాలతో పోయారు. తిండి లేని ఒంటికి జబ్బు ఇట్టే పడుతుంది. నువ్వు పొద్దున టిఫిన్ మానేస్తున్నావని అమ్మ అనుమానం. మొన్నటి ఫోటోలో మెడ ఎముకలు కనిపిస్తున్నాయి. డి విటమిన్ మాత్రలు వేసుకో, తడిసిన బూట్లతో తిరగకు, రాత్రిళ్ళు ఖాళీ కడుపుతో కాఫీలు తాగకు.

నీకు నీతులు చెప్పకూడదనే కూర్చున్నాను. కానీ స్టాంప్ 1జీ, అదే చదువయ్యాక అక్కడ ఉండి పని చేసుకునే అనుమతి, రెండేళ్ళేగా అని తొందరపడి ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోకు. అలాగని ఖాళీగానూ కూర్చోకు. చిన్న పనికి సిగ్గుపడకు, అప్పుకి మాత్రం సిగ్గుపడాలి. డబ్బు ఇబ్బందైతే స్నేహితుల్ని అడగొద్దు, నన్నడుగు. కోల్డ్ స్టోరేజీలో నిరుటి మిర్చి టిక్కీలు, ఆ బస్తాలు ఇంకా ఉన్నాయి, ధర వచ్చినా రాకపోయినా అమ్మేస్తాను. చిట్టి పెళ్ళి ఖర్చు సంగతి నువ్వు ఆలోచించక్కర్లేదు. సోఫా మీద పడుకుంటే నడుం పట్టేస్తుంది, నిజమో కాదో నాకు తెలియదు, ఊరికే చెప్తున్నాను.

అమ్మ గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు కట్టింది. నూనె కారుతుందని మళ్ళీ విప్పి కవర్లు మారుస్తోంది. శనివారం పంపాలి. కొరియర్ వాడు ఎయిర్‌కోడ్‌తో, అదే మీ పిన్‌కోడ్‌తో సహా పూర్తి అడ్రసు కావాలంటున్నాడు. పాతదే రాయమంటావా, వేరేది పంపుతావా? ఆ ఒక్క ముక్క ఇవాళే పెట్టు.

మీ నాన్న